పట్టాల కింది మన్ను, గోడ మీది ఫెర్న్

వానలు మొదలయ్యాక బెంగాల్‌లో పాత ఇటుక గోడలకు పచ్చదనం వస్తుంది. సున్నం, సుర్కీ కలిపి కట్టిన గోడ అయితే మరీనూ. తూము పక్కన, మెట్ల కింద, పెచ్చులూడిన మూలన ఒక ఫెర్న్ మొక్క తలెత్తుతుంది. నడుమ ఒకటే ఈనె, దానికి అటూ ఇటూ నిచ్చెన మెట్లలా సన్నటి పొడుగాటి ఆకులు. పువ్వు పూయదు, కాయ కాయదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోనైనా, కోల్‌కతా సందుల్లోనైనా గోడకు వెల్ల వేసే ముందు దాన్ని పీకి పారేస్తారు.

వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో దానికి టెరిస్ విట్టాటా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు అది ఉత్త ఫెర్న్‌గానే బతికింది. నేలలోని ఆర్సెనిక్‌ను, అంటే మన పెద్దలు పాషాణం అన్న విషాన్ని, వేళ్లతో లాగి ఆకుల్లో దాచుకునే విద్య దానికి ఉందని 2001 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. తెలిసిన చోటు అమెరికాలోని ఫ్లోరిడా. అక్కడి నేలలో పాషాణం చేరడానికి మూలం మాత్రం డెహ్రాడూన్‌లో ఒక తెలుగువాడు కనిపెట్టిన మందు. ఆ కథను పట్టాల దగ్గర నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మన్నులో లోహాలు పేరుకునే తీరు రైల్వే ఊరిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఖరగ్‌పూర్‌కు తెలుగువాళ్లను తెచ్చింది బీఎన్‌ఆర్, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ 1900లో హౌరా దాకా పట్టాలు వేసింది. మిడ్నపూర్ జిల్లాలో ఎర్రమట్టి, సాల చెట్లు తప్ప పెద్దగా ఏమీ లేని మెట్ట మీద జంక్షన్, దాని పక్కన వర్క్‌షాపు, ఆ రెంటి చుట్టూ ఊరు లేచాయి. తీరం వెంట బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే 1893, 1896 మధ్య తయారైంది. 1902లో దాని ఉత్తర భాగం బీఎన్‌ఆర్ చేతికొచ్చింది. ఆ నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వాన పడని ఏడు పొలం వదిలి బయల్దేరిన మనిషికి ఖరగ్‌పూర్ దూరదేశమే కాదు. అదే కంపెనీ, అదే లైను. ఒకరు గ్యాంగులో కుదిరితే ఇంకొకరు లోకో షెడ్డులో ఖలాసీ, వాళ్ల బావమరిది ఫౌండ్రీలో. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల పేర్లు ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఇంటిపేర్లంత మామూలయ్యాయి.

ఈ కార్మికులే బీఎన్‌ఆర్ ఇండియన్ లేబర్ యూనియన్‌కు బలం. 1927లో ఒకసారి సమ్మె, ఆ ఏడే మరోసారి లాకౌటు. ఆ యూనియన్‌ను నడిపిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ఖరగ్‌పూర్‌కు ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చింది. 2013లో గోరఖ్‌పూర్, తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఇవన్నీ ఈ ఊరివాళ్లు గర్వంగా చెప్పుకునే సంగతులు. ఊరి కింది మన్ను సంగతి ఎవరూ చెప్పుకోరు.

రైల్వే వర్క్‌షాపు అంటే లోహాలతో కాపురం. రోలర్ బేరింగులు రాకముందు వ్యాగన్ ఇరుసు పెట్టెలో ఇత్తడి బేరింగు ఉండేది, దాని లోపల వైట్‌మెటల్ పూత. తగరం, సీసం, ఆంటిమొనీ, రాగి రకరకాల పాళ్లలో కరిగించి పోసే మిశ్రమం అది. అరిగిపోగానే గీకి మళ్లీ పోసేవారు. గీకిన పొడి ఎక్కడికి పోతుంది? ఊడ్చిన చెత్తలోకి, కాలువలోకి, పెరడులోకి. బోగీల కింద దీపాల కోసం సీసపు బ్యాటరీలు. ఆవిరి ఇంజన్ల కాలంలో షెడ్డు వెనక బూడిద గుట్టలు. మన రాక్షసి బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే మిగులుతుంది. బొగ్గులో ఉన్న ఆర్సెనిక్, సీసం, క్రోమియం జాడలు ఆ బూడిదలో ఇంకా చిక్కబడతాయి. ఆ బూడిదతోనే దారులు ఎత్తు చేశారు, గుంతలు పూడ్చారు.

వంతెనల రంగు సంగతి మరీ తమాషా. ఇనుప దూలాలకు తుప్పు పట్టకుండా మొదట పూసేది రెడ్ లెడ్. అది మనకు కొత్తదేమీ కాదు, ఆంజనేయస్వామి విగ్రహానికి నూనెలో కలిపి పూసే సిందూరమే. గుడిలో చెంచాల లెక్కన వాడేది రైల్వే డబ్బాల లెక్కన వాడింది. పాత పూత ఇనుప బ్రష్షుతో గీకి కొత్త పూత వేసిన ప్రతిసారీ కొంత సీసం నేలకు రాలింది.

పోలండులో ఈవావా గ్లూవ్నా అనే జంక్షన్ ఉంది. అక్కడి పరిశోధకులు సరుకు దించే చోటు, ప్లాట్‌ఫారం పట్టాలు, బోగీలు కడిగే చోటు, సైడింగు అని నాలుగు భాగాలుగా చేసి మన్నునూ అక్కడ మొలిచిన మొక్కలనూ పరీక్షించారు. సీసం, జింకు, రాగి వంటి లోహాలు మన్నులోనే కాదు, మొక్కల్లోనూ దొరికాయి. వేరే దేశం, వేరే వాతావరణం, పని మాత్రం ఒకటే.

లోహాలతో వచ్చిన చిక్కు ఏమిటంటే అవి చావవు. డీజిల్ మరకను సూక్ష్మజీవులు ఏళ్ల మీద తినేస్తాయి. సీసాన్ని తిని హరాయించుకునే పురుగు భూమ్మీద లేదు. మూలకం మూలకంగానే ఉంటుంది. తవ్వి మరో చోట పోయాలి, లేదా కదలకుండా కట్టెయ్యాలి, లేదా ఎవరైనా దాన్ని పైకి లాగాలి.

ఇక మొదట్లో చెప్పిన ఆ మందు పుట్టడానికి కారణమైన చెదల సంగతి. మన దేశంలో పట్టాలు వేసిన ఇంజనీర్లను పులులకన్నా ఎక్కువ వేధించినవి చెదపురుగులు. పట్టాల కింద అడ్డంగా చెక్క స్లీపరు వేస్తే లోపలినుంచి తినేస్తాయి. సాల చెట్టు చేవ వాటికి అంత తేలిగ్గా లొంగదు గనుక సాల అడవుల గుండా సాగిన బీఎన్‌ఆర్‌కు ఆ కలప అక్కరకొచ్చింది. దేశంలో ఇనుప స్లీపర్లు అంతగా వాడడానికీ చెదలే ఒక కారణం. దేవదారు, చీర్ వంటి మెత్తని కలపకు మాత్రం మందు పట్టించక తప్పదు. పంజాబ్‌లో ఢిల్వాన్‌లోనూ, అస్సాంలో నాహర్‌కటియాలోనూ క్రియోసోటు నూనెతో స్లీపర్లను తడిపే కర్మాగారాలు వెలిశాయి. నల్లగా, జిగటగా, ఘాటుగా ఉండే ఆ నూనె వాసన పాత రైల్వేవాళ్ల ముక్కులో ఇప్పటికీ ఉంటుంది.

క్రియోసోటు కన్నా చవకైన, శుభ్రమైన మందు కోసం డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కలప సంరక్షణ విభాగంలో పనిచేసిన సొంఠి కామేశం వెతికాడు. వంతెనలకు కలప వాడకం మీదా ఆయనకు మంచి పట్టు ఉండేది. 1933లో ఆయన తేల్చిన విధానం వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చెదలను చంపడానికి ఆర్సెనిక్ ఉంది, బూజును ఆపడానికి రాగి ఉంది. రెండూ నీళ్లలో కరిగే ఉప్పులే. అదే వాటి లోపం కూడా, ఒక్క వర్షాకాలానికే కొట్టుకుపోతాయి. కామేశం వాటికి మూడోదాన్ని, డైక్రోమేట్‌ను, కలిపాడు. మందు చెక్కలోకి ఇంకాక క్రోమియం చెక్కతో చర్య జరిపి రూపు మార్చుకుంటుంది. ఆ మారే క్రమంలో రాగినీ, ఆర్సెనిక్‌నూ నీటికి కరగని పదార్థాలుగా పీచుల్లో బిగించేస్తుంది. నీళ్లలో కలిపి లోపలికి పంపిన మందు నీళ్లకే లొంగకుండా పోవడం దీని గొప్ప. ఆర్సెనిక్‌కు రసాయన గుర్తు ఏఎస్, రాగికి సీయూ. రెండూ కలిపి ఆస్కు అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత సీసీఏ అనే పొడి అక్షరాలతో అది ప్రపంచమంతా తిరిగింది. గనుల్లో ఊతాలు, టెలిఫోన్ స్తంభాలు, రేవుల్లో దుంగలు, కంచెలు, చివరికి అమెరికా ఇళ్ల వెనక చెక్క అరుగులు, పిల్లల పార్కుల్లో జారుడు బల్లలు.

ఖరగ్‌పూర్ పట్టాల కింద ఆస్కు స్లీపర్లు పరిచారని రాసేస్తే కథ ఇంకా బిగుస్తుంది. కానీ మన రైల్వే స్లీపర్లను ఎక్కువగా తడిపింది క్రియోసోటే. ఆస్కు విషం పేరుకున్నది కలపకు మందు పట్టించే ఆవరణల్లో. ట్యాంకు నుంచి తీసిన దుంగల నుంచి కారిన నీరు నేలలోకి ఇంకి ఇంకి అక్కడి మన్నును పాడు చేసింది. అలాంటి ఆవరణ ఒకటి మధ్య ఫ్లోరిడాలో మూతపడి, పిచ్చిమొక్కలు పెరిగి ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లీనా మా బృందం అక్కడి 14 రకాల మొక్కల్ని తెచ్చి పరీక్షించింది. ఒక్క ఫెర్న్ దగ్గర లెక్క తప్పినట్టు కనిపించింది. మన్నులో కన్నా ఆకుల్లో ఆర్సెనిక్ ఎన్నో రెట్లు ఎక్కువగా, పదిలక్షల పాళ్లకు వేలల్లో ఉంది. కుండీలో ఆర్సెనిక్ కలిపి పెంచితే ఆరు వారాల్లో 22,630 పాళ్లకు చేరింది, అంటే ఎండిన ఆకు బరువులో నూటికి రెండు పైచిలుకు పాషాణమే. మామూలు మొక్కను ఆ పదో వంతు కూడా చంపేస్తుంది. ఇది మాత్రం పచ్చగా పెరుగుతూనే ఉంది. ఆ ఫెర్న్ ఆసియా నుంచి అమెరికా చేరి అక్కడ కలుపుగా స్థిరపడింది. కామేశం మందు కూడా ఆసియా నుంచి వెళ్లినదే. బెంగాల్ గోడల మీద పీకి పారేసే మొక్కా, డెహ్రాడూన్‌లో పుట్టిన విషమూ సముద్రం అవతల ఒక పాడుబడ్డ ఆవరణలో ఎదురుపడ్డాయి.

ఇంచుమించు అదే సమయంలో చైనాలో చెన్ తోంగ్‌బిన్ బృందం హునాన్ గనుల దగ్గర ఇదే ఫెర్న్‌లో ఇదే గుణం చూసి పొలాల్లో నాటడం మొదలుపెట్టింది.

లోహం తాగే మొక్కల సంగతి అంతకుముందు తెలియక కాదు. ఇటలీలో టస్కనీ నల్లరాళ్ల మీద మాత్రమే పెరిగే ఒక మొక్క గురించి వృక్షశాస్త్రవేత్త సెసాల్పీనో 1583లోనే రాశాడు. 1948లో ఇద్దరు ఇటాలియన్ పరిశోధకులు దాని ఆకుల్ని కాల్చి చూస్తే నికెల్ కుప్పగా బయటపడింది. 1976లో న్యూ కాలెడోనియాలో ఒక చెట్టుకు గాటు పెడితే కారే నీలిపచ్చ పాలలో, ఎండాక, నాలుగో వంతు నికెల్ అని తేలింది. మరుసటి ఏడు ఇలాంటి వాటికి హైపర్ అక్యుములేటర్లు అని పేరు వచ్చింది. 1983లో అమెరికా శాస్త్రవేత్త రూఫస్ చేనీ అసలు ప్రశ్న వేశాడు: పంట వేసినట్టు వీటిని వేసి, కోసి, మన్నులోని లోహాన్ని మోసుకుపోకూడదా? 1990ల్లో ఇల్యా రస్కిన్ వంటివారు దాన్ని వ్యాపారం దాకా తీసుకెళ్లారు.

ఆ వ్యాపారంలో నాయికగా నిలిచింది మన ఆవ. బెంగాలీవాడు చేపకు పట్టించేదీ, తెలుగువాడు పనసపొట్టు కూరలో పెట్టేదీ ఒకే మొక్క గింజ. న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లో సీసం నిండిన ఒక ఫ్యాక్టరీ స్థలంలో ఆవ నాటారు. సీసం మన్నును వదిలి రాదు గనుక, వదిలించడానికి ఈడీటీఏ అనే రసాయనం పోశారు. మొక్కలోకి సీసం ఎక్కింది నిజమే, కానీ వదులైన సీసమంతా మొక్కే తాగాలని ఏముంది? కొంత కిందికి దిగి భూగర్భ జలం వైపు నడుస్తుంది. ఆ పద్ధతికి తర్వాత ఆదరణ తగ్గింది, తగ్గడమే న్యాయం. ఒక రోగానికి మందు వేసి మరో రోగం తేవడాన్ని శుభ్రం అనలేం.

తెలుగు నేల మీద ఈ చదువుకు పెద్ద దిక్కు హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అక్కడి ఆచార్యుడు ఎం.ఎన్.వి. ప్రసాద్ లోహాలకూ మొక్కలకూ మధ్య నడిచే బేరం మీద 1990ల నుంచి రాసిన, కూర్చిన పుస్తకాలు ప్రపంచమంతా చదువుతున్నారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న నగరంలోనే కాటేదాన్ పారిశ్రామికవాడ మన్నులో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం హద్దు మీరి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశీలనలో తేలింది.

మళ్లీ ఖరగ్‌పూర్‌కు వస్తే, ఊరి పక్క హిజ్లీలో ఒక పాత నిర్బంధ శిబిరం ఉంది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అక్కడే ప్రాణాలు విడిచారు. 1951 ఆగస్టులో దేశంలోని మొదటి ఐఐటీ ఆ భవనంలోనే లాంఛనంగా మొదలైంది. బెంగాల్‌లో గంగానది పొడవునా బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1980ల్లో బయటపడ్డాక, ఈ ఐఐటీ రసాయన ఇంజనీరింగ్ ఆచార్యుడు శీర్షేందు డే బృందం దానికి విరుగుడు కాళ్ల కిందే వెతికింది. ఈ ప్రాంతపు ఎర్రమట్టి, లాటరైట్, ఇనుము ఆక్సైడ్ల గని. ఇనుము ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మట్టిని శుద్ధి చేసి నింపిన వడపోత గొట్టాలు ఉత్తర 24 పరగణాల బడుల దాకా చేరాయి.

ఆ సుగుణమే మొక్కలకు అడ్డంకి. నీళ్లలోంచి ఆర్సెనిక్‌ను లాక్కున్న ఎర్రమట్టి, వేరు అడిగితే దాన్ని తేలిగ్గా వదలదు. అంటే ఖరగ్‌పూర్ వంటి నేలలో విషం తొందరగా కదలదు, తొందరగా పోదు కూడా. కదలకపోవడం తాగే నీటికి మేలు, నేలను పూర్తిగా కడుగుదామనుకునేవాడికి చిక్కు.

ఫెర్న్ అయినా మంత్రదండం కాదు. ఫ్లోరిడా ఆవరణలోనే రెండేళ్లు ఫెర్న్ సాగు చేసి కొలిస్తే పై మన్నులో ఆర్సెనిక్ సగటున కిలోకు 190 మిల్లీగ్రాముల నుంచి 140కి తగ్గింది. తగ్గిందనే చెప్పాలి, కాని ఇంకా చాలా మిగిలింది. కోసిన ఆకును ఎక్కడ పెట్టాలన్నది మరో తలనొప్పి: పశువుకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, పేడలో కలపకూడదు. బెంగాల్‌లో మరో జాగ్రత్త కూడా అవసరం. ఇక్కడివారు ఢేకీ శాక్ అని ఒక ఫెర్న్ చిగుళ్లను ఇష్టంగా వండుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇంకొకటి, గోడ మీద నిచ్చెన ఆకుల ఫెర్న్ కనబడితే గోడలో పాషాణం ఉందని హడలిపోనక్కర్లేదు. అది వెతుక్కుంటూ వచ్చేది సున్నాన్ని. పాషాణం ఉన్నచోట తాగుతుంది, లేనిచోట సున్నంతోనే సరిపెట్టుకుంటుంది.

విషాన్ని లాగడం కన్నా, విషం ఉన్న నేలలో తిండి పంట వేయకపోవడం చాలాసార్లు తెలివైన పని. రైల్వేలో గ్రో మోర్ ఫుడ్ అనే పాత పథకం ఉంది. పట్టాల పక్క ఖాళీ జాగాలను సిబ్బందికి కూరగాయల సాగుకు ఇస్తారు. కాపలా లేని జాగా ఆక్రమణకు గురవుతుంది గనుక రైల్వేకూ అది లాభమే. ఏ పెద్ద స్టేషను దాటుతున్నా కిటికీలోంచి ఆ మడులు కనిపిస్తాయి. అయితే సీసం, కాడ్మియం వంటివి ఆకుకూరల్లోకీ దుంపల్లోకీ చేరినంతగా కాయల్లోకి చేరవు. పాత షెడ్డు పక్క జాగాలో తోటకూర వేయడానికీ, బెండ, ఆనప వేయడానికీ తేడా ఉంది. బంతిపూలు వేస్తే ఇంకా మేలు. పూలు ఎవరూ తినరు, హౌరా పూలబజారుకు లోకల్ రైలు ఉండనే ఉంది.

ఏ మడిలో ఏముందో తెలుసుకోవాలంటే మన్ను పరీక్ష చేయించాలి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డు ఆ పనికి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ కార్డు 12 అంశాలు చూస్తుంది: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. పైరుకు ఏం తక్కువైందో చెప్పడానికి పుట్టిన కార్డు అది. సీసం ఆ జాబితాలో లేదు, కాడ్మియం లేదు, పాషాణం లేదు. పాత షెడ్ల పక్కన, వర్క్‌షాపు గోడ వెనక మడి కట్టుకున్నవారు ఈ మూడు పేర్లూ కాగితం మీద రాసుకుని వెళ్లి, ప్రయోగశాలలో విడిగా అడిగి పరీక్ష చేయించుకోవాలి.